స్పోర్ట్స్ కారు సాఫ్ట్‌వేర్ రీకాల్: నల్లగొండ, మహబూబ్‌నగర్ యజమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

మన ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో స్పోర్ట్స్ కార్లు తక్కువే. నాకు తెలిసినవాటిలో షోరూంలో కొత్తగా కొన్నవి మరీ తక్కువ. చాలావరకు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఒకరిద్దరి చేతులు మారి ఇక్కడికి చేరినవే. రీకాల్ విషయంలో అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. కంపెనీ పంపే ఉత్తరం దాని రికార్డులో ఉన్న చిరునామాకు పోతుంది, బండి మాత్రం మన ఇంటి ముందు ఉంటుంది. అందుకని ఉత్తరం వచ్చేదాకా ఆగకుండా, బండి కొన్నవాళ్లే స్వయంగా వెతికి తెలుసుకోవాలన్న ఉద్దేశంతో, నన్ను అడిగిన ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

రీకాల్ అంటే ఏమిటి? మామూలు సర్వీసుకు, దీనికి తేడా ఏమిటి?

ఒక మోడల్‌లో, లేదా ఒక కాలంలో తయారైన కొన్ని బండ్లలో, భద్రతకు ముప్పు తెచ్చే లోపం ఉందని తేలినప్పుడు, వాటన్నిటినీ వెనక్కి పిలిపించి తయారీదారు సొంత ఖర్చుతో సరిచేయడమే రీకాల్. సర్వీసు మన బండి అరుగుదలకు సంబంధించింది. రీకాల్ కంపెనీ చేసిన పొరపాటుకు సంబంధించింది. వారంటీ అయిపోయిందని, సర్వీసు బయట చేయించారని చెప్పి రీకాల్ పనికి డబ్బు అడిగితే ఒప్పుకోవద్దు.

సాఫ్ట్‌వేర్ లోపం అంటే పాటలు, మ్యాపులు వచ్చే తెర ఆగిపోవడమేనా?

కాదు. ఈ అపోహ వల్లే చాలామంది రీకాల్‌ను తేలిగ్గా తీసుకుంటారు. నేటి స్పోర్ట్స్ కారులో యాక్సిలరేటర్ పెడల్‌కు, ఇంజిన్‌కు మధ్య లాగే కేబుల్ ఉండదు. పెడల్ ఎంత నొక్కామో సెన్సార్ చదువుతుంది, కంట్రోల్ యూనిట్ అనే చిన్న కంప్యూటర్ లెక్క కడుతుంది, ఆ లెక్క ప్రకారం ఇంజిన్‌కు గాలి, ఇంధనం అందుతాయి. రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్, కొన్ని బండ్లలో బ్రేకు, విద్యుత్ కారులో మోటారుకు కరెంటు అందించే ఇన్వర్టర్ కూడా ఇలాగే నడుస్తాయి. ఈ యూనిట్లు ఒకదానితో ఒకటి నిరంతరం మాట్లాడుకుంటూ ఉంటాయి. ఒక యూనిట్ నుంచి సమాచారం క్షణం పాటు తప్పిపోతే, రెండో యూనిట్ దాన్ని పెద్ద లోపంగా భావించి మొత్తం శక్తినే ఆపేయవచ్చు. యంత్రంలో ఏ భాగమూ విరగకుండానే బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది.

2021 జూలైలో పోర్షే తన టైకాన్ విద్యుత్ కార్లను ప్రపంచవ్యాప్తంగా సుమారు 43,000 వెనక్కి పిలిచింది. కొన్ని బండ్లు నడుస్తుండగా ఉన్నట్టుండి చక్రాలకు శక్తి అందకుండా పోవడమే అందుకు కారణం. ఏ భాగమూ మార్చకుండా, వర్క్‌షాపులో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించి దాన్ని సరిచేశారు. 2015 జూలైలో ఫియట్ క్రైస్లర్ అమెరికాలో 14 లక్షల బండ్లకు ప్రకటించిన రీకాల్ మరో రకం. ఇద్దరు పరిశోధకులు దూరాన కూర్చుని, నడుస్తున్న ఆ కంపెనీ జీపు వ్యవస్థలోకి ఇంటర్నెట్ ద్వారా చొరబడగలిగారు. ఆ జాబితాలో డాడ్జ్ వైపర్ అనే స్పోర్ట్స్ కారు కూడా ఉంది. అప్పుడు కంపెనీ, బండి యజమానుల ఇళ్లకు కొత్త సాఫ్ట్‌వేర్ ఉన్న యూఎస్‌బీ డ్రైవ్‌లు పోస్టులో పంపింది.

లోపం యంత్రంలో ఉన్నా, మందు సాఫ్ట్‌వేర్‌లో ఉండే సందర్భాలూ ఉన్నాయి. 2020 మోడల్ కార్వెట్ అనే స్పోర్ట్స్ కారులో ముందు డిక్కీ మూత నడుస్తుండగా తెరుచుకుని డ్రైవర్ చూపుకు అడ్డుపడే ప్రమాదం కనిపించింది. మూత సరిగ్గా పడకపోతే బండి గంటకు 26 మైళ్లు, అంటే దాదాపు 42 కిలోమీటర్లు దాటకుండా సాఫ్ట్‌వేర్‌తో కట్టడి చేశారు. 2022లో ఫెరారీ అమెరికాలో 23,555 కార్లను బ్రేకు ఆయిల్ డబ్బా మూత కోసం పిలిచినప్పుడు, మూతతో పాటు ఆయిల్ తగ్గినప్పుడు కనిపించే హెచ్చరికను కూడా మార్చింది. కాబట్టి ఉత్తరంలో ‘సాఫ్ట్‌వేర్ అప్‌డేట్’ అన్న మాట కనిపించగానే ఇది ఫోను అప్‌డేట్ లాంటిదే కదా అని పక్కన పెట్టవద్దని నా విన్నపం.

నా కారు బాగానే నడుస్తోంది. అయినా తీసుకుపోవాలా?

తీసుకుపోవాలి. సాఫ్ట్‌వేర్ లోపం బేరింగ్ లాగా చప్పుడు చేస్తూ పెరగదు. కొన్ని పరిస్థితులు ఒకేసారి కలిసినప్పుడే బయటపడుతుంది, అవి కలిసేదాకా బండి కొత్తదానిలా నడుస్తుంది.

మా చిన్నాయన కొడుకు విషయంలో ఇదే జరిగింది. బెంగళూరు బండి, రెండో యజమాని దగ్గర కొన్నాడు, ఎనిమిది నెలలు ఏ ఇబ్బందీ లేదు. ఒక మధ్యాహ్నం షాద్‌నగర్ నుంచి జడ్చర్ల వస్తుంటే, బాలానగర్ దాటాక, కుడి వరుసలో ఉండగా పెడల్ నొక్కినా బండి లాగలేదు. మీటరు మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. వెనక సిమెంటు లారీ హారన్ కొడుతూనే ఉంది. వేగం ఉన్నంతలో రెండు వరుసలు దాటించి ఎడమ అంచుకు చేర్చగలిగాడు. నేను పోయేసరికి రోడ్డు పక్క గడ్డిలో కూర్చుని ఉన్నాడు, చేతులు ఇంకా వణుకుతున్నాయి. వర్క్‌షాపులో చాసిస్ నంబరు కొట్టి చూస్తే, ఆ లోపానికి రీకాల్ ప్రకటించి అప్పటికే ఏడాది దాటింది. ఉత్తరం మొదటి యజమాని బెంగళూరు ఫ్లాటుకు పోయిందట. ఆయన ఆ ఇల్లు ఎప్పుడో ఖాళీ చేశాడు.

నాకు ఉత్తరం రాలేదు. నా బండి రీకాల్‌లో ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

చాసిస్ నంబరుతో. విన్ అని కూడా అనే ఈ నంబరులో అంకెలు, అక్షరాలు కలిపి మొత్తం 17 ఉంటాయి. ఆర్‌సీ మీద ఉంటుంది, బండి మీదా చెక్కి ఉంటుంది. చాలా కార్లలో ముందు అద్దం కింద డ్రైవర్ వైపు మూలలోనో, తలుపు తెరిస్తే కనిపించే స్తంభం మీదనో చూడవచ్చు. ఆర్‌సీ మీది నంబరును బండి మీది నంబరుతో ఒక్కొక్క అక్షరం పోల్చి చూడండి. ఇంగ్లిష్ ఐ, ఓ, క్యూ అక్షరాలు ఈ నంబరులో వాడరు. కాబట్టి గుండ్రంగా కనిపించేది సున్నా, నిలువు గీతలా కనిపించేది ఒకటి. నంబరు కొట్టగానే ‘తప్పు’ అని వస్తోందని నాకు ఫోన్ చేసేవాళ్లలో చాలామంది సున్నా బదులు ఓ కొట్టినవాళ్లే.

ఆ నంబరును కంపెనీ భారతదేశ వెబ్‌సైటులో రీకాల్ పేజీలో కొట్టి చూడవచ్చు, లేదా అధీకృత సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి, ‘ఈ చాసిస్ మీద పెండింగ్ రీకాల్ ఏమైనా ఉందా’ అని సూటిగా అడగవచ్చు. వాహన తయారీదారుల సంఘం సియామ్ 2012లో స్వచ్ఛంద రీకాల్ నియమావళి తెచ్చింది, తన వెబ్‌సైటులో రీకాల్ వివరాలు కూడా పెడుతుంది. అయితే ఒక మోడల్ పేరు వార్తల్లో వచ్చినంత మాత్రాన మీ బండి అందులో ఉన్నట్టు కాదు, పేరు రాలేదని లేనట్టూ కాదు. ఒకే మోడల్‌లో ఒక నెల బండికి రీకాల్ ఉండి, మరుసటి నెల బండికి లేకపోవచ్చు. తేల్చేది చాసిస్ నంబరు ఒక్కటే.

సెకండ్ హ్యాండులో కొన్నాను. కంపెనీకి నా పేరు చెప్పుకోవాలా?

తప్పకుండా చెప్పుకోవాలి. 29, 30 నంబరు ఫారాలు పెట్టి ఆర్‌టీఏలో పేరు మార్పిడి చేయించుకున్నంత మాత్రాన కంపెనీ దగ్గరి రికార్డు దానంతట అది మారుతుందని అనుకోవద్దు. కర్ణాటక బండి అయితే 28వ ఫారంతో అభ్యంతరం లేదన్న పత్రం తెచ్చి, ఇక్కడ పన్ను కట్టి, కొత్త నంబరు తీసుకుంటారు. టీజీ 05 అనో టీజీ 06 అనో కొత్త ప్లేటు బిగించిన రోజే సర్వీస్ సెంటర్‌కు కూడా ఆర్‌సీ నకలు పంపి, పేరు, చిరునామా, ఫోన్ నంబరు మార్పించండి. ఇంటి నంబరు, మండలం, పిన్‌కోడ్ పూర్తిగా రాయించండి. ‘నల్లగొండ’ అని మాత్రమే రాస్తే ఉత్తరం పోస్టాఫీసు దాటి రాదు.

ఇంకా కొనలేదు, చూస్తున్నారంటే, అడ్వాన్సు ఇచ్చే ముందే చాసిస్ నంబరు అడిగి పరీక్షించండి. పెండింగ్ రీకాల్ ఉందని తేలినంత మాత్రాన బండి వద్దనుకోనక్కరలేదు. ఆ పని చేయించి, కాగితం చేతిలో పెట్టాకే మిగతా డబ్బు ఇస్తామని చెప్పండి.

పని అయ్యేదాకా బండి నడపవచ్చా? నడుస్తుండగా ఆగిపోతే ఏం చేయాలి?

ఇది ఉత్తరంలో రాసిన మాటను బట్టి ఉంటుంది. ‘నడపవద్దు’ అని ఉంటే జడ్చర్ల దాకా కూడా నడపకండి, బండిని పైకెక్కించుకుని పోయే ఫ్లాట్‌బెడ్ వాహనం పంపమని కంపెనీని అడగండి. అలా లేకపోయినా, నడుస్తుండగా శక్తి పోయే లోపమైతే, పని అయ్యేదాకా 44, 65వ నంబరు జాతీయ రహదారుల మీద కుడి వరుసలో వేగంగా పోవడం మానుకోండి. ముఖ్యంగా శ్రీశైలం ప్రయాణం వాయిదా వేసుకోండి. మన్ననూరు దాటాక నల్లమలలో చాలాచోట్ల ఫోను సిగ్నల్ అందదు. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు అడవి దారి మూసి ఉంటుంది. దోమలపెంట దాటాక ఘాట్ మలుపుల్లో బండి ఆగితే పక్కకు తీయడానికి చోటు కూడా దొరకదు.

ఆగిపోయినప్పుడు మొదట గుర్తుంచుకోవాల్సింది, ఇంజిన్ పోయినా స్టీరింగ్, బ్రేకు పనిచేస్తాయి. ఇంజిన్ నడుస్తుండగా వాటికి అందే సాయం తగ్గడం వల్ల రెండూ గట్టిగా అనిపిస్తాయి, అంతే. బ్రేకును మాటిమాటికీ తొక్కి వదలకండి. దాచి ఉన్న కొద్దిపాటి సాయం దాంతో అయిపోతుంది, తర్వాత పెడల్ రాయిలా తగులుతుంది. హజార్డ్ లైట్లు వేసి, ఉన్న వేగాన్ని వాడుకుని ఎడమ అంచుకు రండి, ఒకేసారి స్థిరంగా తొక్కి ఆపండి. బండి కదులుతుండగా ఇగ్నిషన్ ఆపేసే ప్రయత్నం చేయవద్దు. ఆగిన తర్వాత అందరూ ఎడమ వైపు నుంచి దిగి, రక్షణ కమ్మీ అవతలకు పోయి నిలబడాలి. జాతీయ రహదారి సాయానికి 1033, అత్యవసరమైతే 112. మీటరు మీద వచ్చిన సందేశాన్ని, బండి భద్రంగా ఆగాక మాత్రమే, ఫోనుతో ఫోటో తీసి పెట్టుకోండి. తరచుగా బండి మళ్లీ స్టార్ట్ అవుతుంది. అయిందని అదే పట్టున ఇంటిదాకా నడుపుకుంటూ పోకండి.

ఎంత ఖర్చవుతుంది?

రీకాల్ పనికి ఒక్క రూపాయి కూడా కాదు. భాగాలు, కూలి, సాఫ్ట్‌వేర్ అన్నీ కంపెనీవే. హైదరాబాద్ పోయి వచ్చే పెట్రోలు, టోల్ మాత్రం చాలాసార్లు మనమీదే పడతాయి. అయినా బండిని తీసుకుపోయి తేవడానికి మనిషిని పంపుతారా అని అడగండి, అడిగితే ఒప్పుకున్న సందర్భాలు నేను చూశాను.

వర్క్‌షాపులో అసలు ఏం చేస్తారు? ఎంతసేపు పడుతుంది?

సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి గంట పట్టవచ్చు, రెండు గంటలూ పట్టవచ్చు. దానికి ముందు వెనక పరీక్షలు ఉంటాయి కాబట్టి పూట మొత్తం కేటాయించుకుని, ముందుగా సమయం తీసుకునే పోండి. మా తమ్ముడి బండికి చేస్తున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. మెకానిక్ మొదట బ్యానెట్ తెరిచి, బయటి చార్జర్ క్లిప్పులు బ్యాటరీకి తగిలించాడు. సాఫ్ట్‌వేర్ ఎక్కుతుండగా కరెంటు తగ్గితే కంట్రోల్ యూనిట్ సగం రాసిన పలకలా మిగిలిపోతుందట, కొన్నిసార్లు యూనిట్‌నే మార్చాల్సి వస్తుందట. ఏసీ, లైట్లు ఆపాడు, ఒక అద్దం దించాడు, స్టీరింగ్ కింద సాకెట్‌లో తీగ పెట్టి ల్యాప్‌టాప్‌కు కలిపాడు. ల్యాప్‌టాప్ తెర మీద పని ఎంత అయిందో చూపే నీలి గీత 60 శాతం దాటాక చాలాసేపు కదల్లేదు. ముందు రేడియేటర్ ఫ్యాన్ ఒక్కసారిగా తిరిగి ఆగింది. తర్వాత మీటరు మీద ఉన్న దీపాలన్నీ వెలిగి, ఒక్కొక్కటిగా ఆరాయి. ఆపై పాత లోపాల కోడ్‌లు చెరిపి, గేర్‌బాక్స్‌కు క్లచ్ కలిసే చోటును మళ్లీ నేర్పించి, రోడ్డు మీద నడిపి చూశాడు. ఈ ఆఖరి నడక మీరు పక్కన కూర్చుని చూడండి.

ఇంటి దగ్గరే వైఫైతో అప్‌డేట్ చేసుకోవచ్చా?

మీ మోడల్‌కు ఆ సౌకర్యం ఉండి, ఆ రీకాల్‌కు కంపెనీ దాన్ని అనుమతిస్తేనే. సిగ్నల్ బలంగా ఉన్న చోట, బ్యాటరీ బాగున్నప్పుడు, బండి నీడలో ఆపి చేయండి. మే నెలలో నల్లగొండ ఎండకు గంటల తరబడి కాగిన బండిలో ఈ పని మొదలుపెట్టవద్దు. పూర్తయ్యాక కొత్త వర్షన్ నంబరు తెర మీద చూసి, కంపెనీ రికార్డులో రీకాల్ మూసుకుపోయిందో లేదో మళ్లీ చాసిస్ నంబరు కొట్టి నిర్ధారించుకోండి.

ఇంజిన్ పవర్ పెంచడానికి బయట సాఫ్ట్‌వేర్ మార్పించి రీమ్యాప్ చేయించాను. ఇప్పుడెలా?

ఆ సంగతి దాచకండి. రీకాల్ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇచ్చిన అసలు సాఫ్ట్‌వేర్ మీద ఎక్కేలా తయారై ఉంటుంది. కింద మరొకరి సాఫ్ట్‌వేర్ ఉంటే ఎక్కకపోవచ్చు, ఎక్కినా మీ మార్పు చెరిగిపోవచ్చు. రీమ్యాప్ చేసినవాళ్ల దగ్గరికి పోయి, ముందు అసలు సాఫ్ట్‌వేర్ తిరిగి వేయించుకుని, తర్వాత రీకాల్‌కు పోవడం మంచిది. రీకాల్ అయ్యాక మళ్లీ పాత రీమ్యాప్ ఫైలునే ఎక్కిస్తే, సరిచేసిన లోపం తిరిగి బండిలోకి వస్తుంది. పది గుర్రాల బలం కోసం ఆ పని చేయకండి.

మా ఊరి మెకానిక్ ఈ పని చేయలేడా?

చేయలేడు. కంపెనీ సర్వర్‌తో కలిసే పరికరం, అనుమతి అధీకృత కేంద్రానికే ఉంటాయి. మన షెడ్డులోని స్కానర్ లోపం కోడ్ చదవగలదు, చెరపగలదు. చెరిపితే దీపం ఆరుతుంది, లోపం అలాగే ఉంటుంది.

కంపెనీ పట్టించుకోకపోతే చట్టం ఏమంటుంది?

2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణతో 110ఎ అనే సెక్షన్ వచ్చింది. లోపమున్న వాహనాలను వెనక్కి పిలవాలని తయారీదారును ఆదేశించే అధికారం దాని ద్వారా కేంద్రానికి దక్కింది. నియమాలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. 7 ఏళ్ల లోపు బండ్లకు ఇవి వర్తిస్తాయి. తప్పనిసరి రీకాల్ దాకా వస్తే, బండ్ల రకాన్ని, సంఖ్యను బట్టి 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా పడుతుంది. యజమానులు వాహన్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఎన్ని ఫిర్యాదులు వస్తే ప్రభుత్వం కదులుతుందన్నది ఆ మోడల్ ఏడాదికి ఎన్ని అమ్ముడవుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. అరుదుగా అమ్ముడయ్యే స్పోర్ట్స్ కారుకు తక్కువ ఫిర్యాదులే చాలు. అందువల్ల మీ ఒక్కరి ఫిర్యాదుకు కూడా బరువుంటుంది, తప్పక నమోదు చేయండి.

మీ ఒక్క బండి గోడు అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915తో మొదలుపెట్టండి. తర్వాత వినియోగదారుల కమిషన్. బండికి చెల్లించిన ధర 50 లక్షల లోపు అయితే నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా కమిషన్లలోనే కేసు వేయవచ్చు. అమ్మినవాళ్లు హైదరాబాద్‌లో ఉన్నా, మీరు ఉండే చోట వేసే హక్కు 2019 చట్టం ఇచ్చింది. 50 లక్షలు దాటి 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్‌కు, ఆపైన జాతీయ కమిషన్‌కు పోవాలి. కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది. ఫోనులో చెప్పిన మాటలకు సాక్ష్యం ఉండదు కాబట్టి ప్రతి ఫోను తర్వాత అదే సంగతి ఈమెయిల్‌లో రాసి పంపండి.

మా అబ్బాయి అమెరికాలో చదువుతూ పాత మస్టాంగ్ కొన్నాడు. అక్కడ ఎలా?

అక్కడి జాతీయ రహదారి భద్రతా సంస్థ, అంటే ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ, వెబ్‌సైటులో 17 అక్షరాల నంబరు కొడితే, గత 15 ఏళ్లలో ప్రకటించి ఇంకా సరిచేయని రీకాల్స్ కనిపిస్తాయి. ఒక సంగతి పిల్లలకు గట్టిగా చెప్పండి. పెద్ద అద్దె కార్ల సంస్థలు రీకాల్ పెండింగ్‌లో ఉన్న బండిని అద్దెకు ఇవ్వకూడదని 2016 నుంచి అక్కడ చట్టం ఉంది, కానీ పాత కార్లు అమ్మే డీలర్‌ను ఆపే అలాంటి సమాఖ్య చట్టం లేదు. డీలర్ దగ్గర కొన్నాం కదా అని ధీమాగా ఉండకూడదు. నంబరు వాట్సాప్‌లో పంపమనండి, మీరు ఇక్కడ మిర్యాలగూడలో కూర్చుని కూడా చూడవచ్చు.

ఈ లోపం వల్ల ప్రమాదం జరిగింది. వెంటనే రీకాల్ పని చేయించాలా?

వెంటనే వద్దు. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే పాత కోడ్‌లు, ప్రమాద క్షణాల సమాచారం చెరిగిపోవచ్చు. బండిని కదిలించే ముందు ఫోటోలు తీయండి, పోలీసు ఫిర్యాదు, బీమా సర్వేయర్ పరిశీలన పూర్తి కానివ్వండి. కంట్రోల్ యూనిట్లలో ఉన్న సమాచారాన్ని చదివి నకలు ఇవ్వమని రాతపూర్వకంగా కోరండి. అది చేతికి వచ్చాకే మరమ్మతుకు ఒప్పుకోండి.

పని అయ్యాక ఏ కాగితాలు తీసుకోవాలి?

జాబ్ కార్డు, అంటే చేసిన పని రాసి వర్క్‌షాపు తయారుచేసే కాగితం, దాని నకలు అడగండి. దాని మీద రీకాల్ నంబరు, మీ చాసిస్ నంబరు, పని జరిగిన తేదీ, ఆ రోజు ఓడోమీటర్ అంకె, ఎక్కించిన సాఫ్ట్‌వేర్ వర్షన్, మొత్తం బిల్లు సున్నా అని ఉండాలి. ఆరు నెలలకోసారి, లేదా దూర ప్రయాణానికి ముందు, మళ్లీ చాసిస్ నంబరు కొట్టి చూడండి. అదే లోపానికి రెండోసారి రీకాల్ రావడం కొత్తేమీ కాదు. ఆ కాగితాన్ని ఆర్‌సీ, బీమా పత్రాలతో కలిపి ఇంట్లో ఫైలులో పెట్టండి, ఫోటో ఒకటి ఫోనులో ఉంచుకోండి. బండి అమ్మిన రోజున ఆ జాబ్ కార్డును కూడా తాళంచెవితో పాటు కొన్నవాళ్ల చేతిలో పెట్టి, సర్వీస్ సెంటర్‌కు వాళ్ల పేరు, చిరునామా మీరే చెప్పి రాయించండి.